మోకాలి కింద దిండు పెట్టకండి

సంపాదకులకు నమస్కారాలు.

పోయిన ఆదివారం పాతపట్నం వెళ్లాను. అక్కడ మా పెద్దనాన్నగారి కోడలు ఉంది. వదినకు మోకాలి ఆపరేషన్ అయి పన్నెండు రోజులైంది. పలకరించి రెండు బత్తాయిలు ఇచ్చి వద్దామనుకుని వెళ్లిన దాన్ని, గుమ్మంలోనే ఆగిపోయాను. వదిన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆపరేషన్ అయిన మోకాలి కింద రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. కాలు గుడారంలా పైకి లేచి ఉంది.

"ఎవరు పెట్టమన్నారు వదినా?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలేదమ్మా. ఇలా పెడితే ప్రాణానికి హాయిగా ఉంది. తీస్తే లాగేస్తోంది" అంది.

రెండేళ్ల కిందట నేను మా కోడలితో అన్న మాట అచ్చంగా ఇదే. ఆ హాయికి నేను చెల్లించిన ధర నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైనా దయచేసి కత్తిరించకుండా వేయండి. మీ పత్రిక శ్రీకాకుళం జిల్లాలోనే కాదు, ఇటు ఒడిశాలో మా ఇళ్లలోనూ చదువుతారు.

మాది పర్లాకిమిడి. గజపతి జిల్లా కేంద్రం. మా ఊరు దాటితే ఆంధ్ర. మా పిల్లలు ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బజారులో రెండూ కలిపి మాట్లాడతాం. నా వయసు 63. ముప్పై అయిదేళ్లుగా మిషన్ కుడుతున్నాను. జాకెట్లు, లంగాలు, స్కూలు బట్టలు, చీరలకు ఫాల్స్. అందులో ముప్పై ఏళ్లు తొక్కుడు మిషనే. మిషన్ దిగితే నేల మీద కూర్చుని హుక్కులు, కాజాలు, హెమ్మింగ్. మోకాళ్లు అరిగిపోవడానికి అదొక్కటే కారణమని డాక్టరుగారు అనలేదు. ఒళ్లు, వయసు, మా అమ్మకూ ఉన్న దొడ్డికాళ్లు, అన్నీ కలిశాయన్నారు.

యాభై రెండో ఏట మొదలైంది. ముందు మెట్లు దిగేటప్పుడు. తర్వాత నేల మీంచి లేచేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత రాత్రిళ్లు. నువ్వుల నూనె రాశాను, వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టాను, శ్రీకాకుళంలో మూడుసార్లు మోకాలిలో ఇంజెక్షన్లు వేయించుకున్నాను. మొదటిది అయిదు నెలలు పనిచేసింది, మూడోది మూడు వారాలు కూడా పనిచేయలేదు. ఎక్స్‌రేలో లోపలి వైపు ఎముకకు ఎముక ఆనుకుని ఉంది. మధ్యలో ఉండాల్సిన సందు లేదు. మా వాళ్లు దీన్నే గుజ్జు అరిగిపోయింది అంటారు.

విశాఖపట్నంలో ఎముకల డాక్టరుగారు ఓపిగ్గా వివరించారు. అందరం చిప్ప మార్పిడి అంటాం గానీ చిప్పను తీసి మరొకటి పెట్టడం కాదట. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర అరిగిన భాగాన్ని పల్చగా కోసి, ఆ చివరలకు లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. ఎముకకు, లోహానికి మధ్య సిమెంటు లాంటి పదార్థం వేసి బిగిస్తారు. నాకు వెంటనే అర్థమైంది. చీర అంచు అరిగితే చీర పారేయం కదా, అరిగిన మేరకు కత్తిరించి ఫాల్ వేస్తాం. అలాంటిదే ఇది. ఎముక, కండ, నరం అన్నీ నావే. కొత్తది అంచు మాత్రమే. ఈ మాట ఇంకోసారి వస్తుంది, గుర్తుంచుకోండి.

అప్పటికి నాకు షుగర్ ఉంది. మూడు నెలల సగటు చూపే పరీక్షలో 8.6 వచ్చింది. ముందు అది తగ్గించుకుని రండి, అప్పుడు తేదీ ఇస్తానన్నారు డాక్టరుగారు. పుచ్చిన పన్ను ఉంటే తీయించమన్నారు, మూత్ర పరీక్ష చేయించారు. ఒంట్లో ఎక్కడ చీము ఉన్నా అది రక్తంతోపాటు లోహం దగ్గరికి చేరవచ్చట. లోహానికి పట్టిన ఇన్ఫెక్షన్ మందులతో తేలిగ్గా పోదు, మళ్లీ విప్పాల్సి రావచ్చు. నాకు నాలుగు నెలలు పట్టింది. రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు, పొద్దున్న చోడి అంబలి. 7.2కి వచ్చింది. తేదీ వెనక్కి పోయిందని అప్పుడు ఏడ్చాను గానీ, ఇప్పుడు ఆ డాక్టరుగారికి దండం పెడతాను.

డబ్బు సంగతి రెండు మాటల్లో చెబుతాను. మా రేషన్ కార్డు ఒడిశాది. పక్కనే పాతపట్నంలో ఉన్న వదినకు ఆంధ్ర ప్రభుత్వ వైద్య పథకం ఉంది, నాకు అది వర్తించదు. మొదటి మోకాలికి కుట్టుకూలి దాచినది, రెండు గాజులు తాకట్టు పెట్టి తెచ్చినది కలిపి పెట్టుకున్నాను. ఒడిశాలో 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ పథకం మొదలైంది గనుక ఇక మీదట మా వాళ్లు ముందుగా ఆ కార్డు సంగతి కనుక్కోండి. ఇంకొకటి. మోకాలిలో పెట్టే సామానుకు 2017 ఆగస్టులోనే కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. అందరికీ ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం అనే లోహపు రకానికి అప్పట్లో జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. బిల్లులో ఆ సామాను ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు విడిగా చూపించాలి. మా అబ్బాయి అడిగితే ఇచ్చారు. అడగకపోతే మొత్తం ఒకే అంకె వేసి ఇచ్చేవారేమో. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఎప్పుడైనా అవసరం పడితే ఏం పెట్టారో తెలియాలి కదా.

కుడి మోకాలు 2024 సంక్రాంతి వెళ్లాక చేశారు. నడుముకు మత్తు ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. వడ్రంగి పని చేస్తున్నట్టు సుత్తి చప్పుడు వినిపించింది, నొప్పి మాత్రం తెలియలేదు. గంటన్నరలో అయిపోయింది. మర్నాడు పొద్దున్న వాకర్ పట్టించి నాలుగు అడుగులు వేయించారు. అరిగిన ఎముక రాసుకునే ఆ పాత నొప్పి లేదు. కోత నొప్పి ఉంది గానీ అది వేరే నొప్పి. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆపరేషన్ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. చాలా బాగా చేశారు.

ఫిర్యాదు ఆ తర్వాతి దాని గురించి. నాలుగో రోజు ఇంటికి పంపేశారు. ఆసుపత్రి పేరు రాయను, నాకు మేలు చేసిన చోటే అది. వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి రెండుసార్లు వచ్చింది. ఒక్కోసారి పది నిమిషాలు. పాదం ఇలా ఆడించండి, కాలు ఇలా ఎత్తండి అని చూపించింది. ఆ సమయానికి నేను నొప్పి మందుల మత్తులో ఉన్నాను, కోడలు మందుల దుకాణం దగ్గర లైనులో ఉంది. వచ్చేటప్పుడు ఒక కాగితం చేతిలో పెట్టారు. ఇంగ్లీషులో ఉంది. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి తీసి బొమ్మల్లో కాలేదో మంచమేదో తెలియకుండా ఉంది. నాకు తెలుగు చదవడం వచ్చు. మా కోడలు గుణుపురం అమ్మాయి, ఒడియా చదువుతుంది. ఆ కాగితం చదవగలిగింది మా ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే మనవడు ఒక్కడే. వాడు 'క్వాడ్రిసెప్స్' అని చదివి, "అదేంటి నాన్నమ్మా?" అని నన్నే అడిగాడు. తొడ ముందు కండ అని తర్వాత తెలిసింది.

ఇల్లు చేరేసరికి అయిదు గంటలు పట్టింది. కారులో వెనక సీట్లో కాలు చాపుకుని అలాగే వచ్చేశాను. దారిలో గంటకోసారి ఆపి దిగి నాలుగు అడుగులు వేయాలని, కూర్చున్నంతసేపూ పాదం ఆడిస్తూ ఉండాలని, లేకపోతే పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. ఏమీ కాలేదు, నా అదృష్టం.

ఇంట్లో మొదటి దెబ్బ గడప. మాది పాత ఇల్లు. గడపలు ఎత్తు. వాకర్ దాటదు. ఇద్దరు మోసి లోపల పెట్టారు. రెండో దెబ్బ మరుగుదొడ్డి. కూర్చునే రకం కాదు, గొంతుక్కూర్చునే రకం. ఎవరూ ముందు అడగలేదు, మాకూ తట్టలేదు. అబ్బాయి శ్రీకాకుళం వెళ్లి కమోడ్ కుర్చీ కొని తెచ్చేదాకా రెండు రోజులు నేను పడ్డ అవస్థ ఇక్కడ రాయలేను. ఆడవాళ్లకు అర్థమవుతుంది. ఆ రెండు రోజులూ నీళ్లు తాగడం మానేశాను. షుగర్ ఉన్న మనిషి, ఆపరేషన్ అయిన మనిషి నీళ్లు మానేయడం ఎంత ప్రమాదమో చెప్పేవాళ్లు లేరు.

ఇక చూడడానికి వచ్చినవాళ్లు. అందరూ ప్రేమగలవాళ్లే. "కొత్త మోకాలు, కదపకు, ఊడిపోతుంది" అన్నారు. "ముప్పై ఏళ్లు కష్టపడ్డావు, ఇప్పుడైనా విశ్రాంతి తీసుకో" అన్నారు. ఒకామె తన ఇంటి నుంచి మెత్తటి దూదిదిండు తెచ్చి మోకాలి కింద పెట్టింది. ఎంత సుఖంగా అనిపించిందో. నొప్పి సగం తగ్గిపోయింది. ఇక ఆ దిండు తీయనివ్వలేదు. పగలు రాత్రి మూడు వారాలు అదే. పద్నాలుగో రోజు ఇక్కడే ఒక డాక్టరు దగ్గర కోతకు వేసిన పిన్నులు తీయించుకున్నాం. పుండు బాగా మానిందన్నారు. పుండు మానితే మోకాలు మానినట్టే అనుకున్నాను.

ఆ దిండు ఎందుకు హాయిగా ఉంటుందో తర్వాత తెలుసుకున్నాను. ఆపరేషన్ తర్వాత కీలు నిండా వాపు ఉంటుంది. కాలు సగం వంగి ఉన్నప్పుడు కీలులో చోటు ఎక్కువ, అందుకని ఒత్తిడి తగ్గి నొప్పి తగ్గుతుంది. కానీ అలా వంగే ఉంటే మోకాలి వెనక ఉన్న పొర, తొడ వెనక నరాలూ కండలూ కురచబడిపోతాయి. లోపల మానే కండ ఆ వంపులోనే గట్టిపడుతుంది. తడి బట్టను మడత పెట్టి ఎండేస్తే ఆ మడత ఎలా పడిపోతుందో చూశారా, అలా. లోహం ఎంత నున్నగా ఉన్నా ఏం లాభం. పైన చెప్పాను కదా, కొత్తది అంచు మాత్రమే, మిగతా బట్ట అంతా మనదే. బట్ట ముడుచుకుపోతే అంచు ఏం చేస్తుంది.

ఆరో వారం చూపించుకోవడానికి వెళ్తే డాక్టరుగారు మోకాలి వంపు కోణం కొలిచారు. కాలు పూర్తిగా తిన్నగా ఉంటే సున్నా. చాపితే ఇంకా 20 డిగ్రీలు వంగే ఉంది. మడిస్తే 65 దాటడం లేదు. కుర్చీలో మామూలుగా కూర్చోవడానికే 90 కావాలి. మెట్లు దిగడానికి, ఎత్తు తక్కువ కుర్చీలోంచి లేవడానికి ఇంకా కావాలి. "ఎక్సర్‌సైజులు చేయలేదా అమ్మా?" అని అడిగారు. ఆయన కోప్పడలేదు. నేనే ఏడ్చేశాను. గాజులు తాకట్టు పెట్టి కొనుక్కున్న మోకాలిని దిండు మీద పడుకోబెట్టి పాడుచేసుకున్నానని.

ఎనిమిదో వారం మళ్లీ ఆసుపత్రిలో చేర్చి, మత్తు ఇచ్చి, గట్టిపడిన మోకాలిని డాక్టరుగారే చేత్తో వంచారు. కోత లేదు. కానీ మత్తు దిగాక నొప్పి మొదటి ఆపరేషన్ కంటే ఎక్కువ. ఇది కూడా తొందరగా చేస్తేనే ఫలితమట. నెలల తరబడి ఆగితే లోపలి కండ బాగా గట్టిపడి వంచడానికి లొంగదట. ఆ తర్వాత మూడు వారాలు విశాఖలో మా చెల్లెలి ఇంట్లో ఉండి రోజూ ఫిజియోకి వెళ్లాను. రోజుకు 400 రూపాయలు, ఆటో వేరే. చెల్లెలు రోజూ నాతో వచ్చి పక్కన నిలబడేది. ఇప్పుడు ఆ కుడి మోకాలు 105 వంగుతుంది. చాపితే ఇంకా అయిదు డిగ్రీలు లోటు. అది ఇక అంతే అన్నారు. నొప్పి లేదు, నడుస్తున్నాను. కానీ ఆ అయిదు డిగ్రీలు నావి కావాల్సినవి.

ఎడమ మోకాలు 2025 ఫిబ్రవరిలో చేయించుకున్నాను. ఇంటిల్లిపాదీ వద్దన్నారు. నేను పట్టుబట్టాను. ఎందుకంటే తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలిసిపోయింది.

ఈసారి ఆపరేషన్‌కు ఆరు వారాల ముందే తొడ కండ గట్టిపడే వ్యాయామాలు మొదలుపెట్టాను. వడ్రంగిని పిలిచి మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించి మంచం ఎత్తు చేయించాను. గడపల దగ్గర వాలుగా చెక్కలు వేయించాను. కమోడ్ కుర్చీ సరే, ఉంది. నడిచే దారిలో చాపలు, కాళ్లు తుడుచుకునే పట్టలు, కరెంటు వైర్లు తీయించాను. చేతులున్న ఎత్తు కుర్చీ ఒకటి పక్కింటివాళ్ల దగ్గర తెచ్చుకున్నాను. ఆసుపత్రిలో ఫిజియో వచ్చినప్పుడల్లా కోడలు అక్కడే ఉండాలని ముందే చెప్పాను. కోడలు ఒట్టి చూడడం కాదు, ఆ అమ్మాయి ముందే నా కాలు పట్టుకుని చేయించింది. తప్పు చేస్తే ఆ అమ్మాయి సరిదిద్దింది. అంతా ఫోనులో వీడియో తీసుకున్నాం.

ఇంటికొచ్చాక జాకెట్లు గీసుకునే కట్టింగ్ పేపరు ఒకటి తీసి, దాని మీద అన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాను, బొమ్మలు వేశాను. పక్కన కోడలు ఒడియాలో రాసింది. మంచం ఎదురుగా గోడకు అంటించాం. మనవడు రోజూ టిక్కులు పెట్టేవాడు.

అందులో ఏముందో చెబుతాను. మీ మీ డాక్టరు చెప్పింది వేరేగా ఉంటే వారి మాటే వినండి. మెలకువగా ఉన్న ప్రతి గంటా పాదాన్ని పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించడం. ఇది రక్తం గడ్డకట్టకుండా. తర్వాత తువ్వాలు చుట్టగా చుట్టి మడమ కింద పెట్టుకోవడం. మోకాలి కింద కాదు, మడమ కింద. అప్పుడు మోకాలు గాలిలో ఉంటుంది, దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. తొడ బిగించి మోకాలిని పరుపు వైపు నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. నొప్పిగానే ఉంటుంది. ఇదే నేను మొదటిసారి చేయనిది. తర్వాత మడమను పరుపు మీద రాస్తూ పిరుదు వైపు లాక్కోవడం. నాకు లాగే బలం లేనప్పుడు పాదానికి చున్నీ తగిలించి రెండు చేతులతో లాక్కున్నాను. పరుపు మీద ప్లాస్టిక్ కవరు వేస్తే మడమ జారుతుంది. తర్వాత కాలు నిటారుగా జానెడు ఎత్తి దించడం. తర్వాత కుర్చీలో కూర్చుని పాదాన్ని కుర్చీ కిందికి వెనక్కి జరపడం.

కొలత లేని కుట్టు నేను ఒప్పుకోను. కోణం కొలిచే సాధనం లేదు గనుక, కుర్చీలో కూర్చుని కాలు వెనక్కి జరిపినప్పుడు మడమ ఎక్కడిదాకా వెళ్తే అక్కడ నేల మీద మార్కింగ్ సుద్దతో గీత గీయించాను. కుర్చీ కోళ్లకు కూడా గుర్తులు పెట్టాం, రోజూ అక్కడే వేసేలా. ప్రతిరోజూ ఆ గీత నూలుపోగంత వెనక్కి వెళ్లినా చాలు. చాపడానికి కొలత వేళ్లు. కాలు చాపి పడుకుంటే మోకాలి వెనక, పరుపుకు మధ్య ఎన్ని వేళ్లు దూరుతున్నాయో కోడలు చూసేది. మొదటి రోజు నాలుగు వేళ్లు. మూడో వారానికి ఒక్క వేలు కూడా కష్టమైంది. గీత ఒకరోజు వెనక్కి పోకుండా ముందుకొచ్చేది కూడా. వాపు ఎక్కువైన రోజు అలా అవుతుంది. ఆ రోజు కొంచెం తగ్గించి, కాలు మొత్తం ఎత్తులో పెట్టుకుని ఐసు ఎక్కువసార్లు పెట్టుకున్నాను. ఎత్తులో పెట్టాలంటే పిక్క, మడమ కింద ఆసరా ఇచ్చి మోకాలు తిన్నగా ఉండేలా పెట్టాలి.

నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు వ్యాయామం, అది అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను, ఇరవై నిమిషాలు. మాత్రలు వేసుకోవడం పౌరుషం లేనితనం కాదు. నొప్పి ఓర్చుకుంటూ కదలకుండా పడుకున్నవాళ్ల కంటే, మాత్ర వేసుకుని కదిలినవాళ్లే బాగుపడతారు. నాది రెండు విధాలా అనుభవం. రెండు వారాలకు 90 దాటింది. నాలుగో వారంలో వాకర్ వదిలి చేతికర్ర పట్టాను. కర్ర ఆపరేషన్ అయిన వైపు కాదు, రెండో చేతిలో పట్టాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. మూడు నెలలకు 120 వచ్చింది. పూర్తిగా చాపగలను. వారానికి రెండుసార్లు విశాఖ ఫిజియో అమ్మాయి వాట్సాప్ వీడియోలో చూసి తప్పులు చెప్పింది. దూరం ఉన్నవాళ్లకు అది ఎంత సాయమో.

భయపెట్టే సంగతులు కొన్ని ఉంటాయి, వాటికి టెన్షన్ పడకండి. మోకాలు నెలల తరబడి ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. నడిస్తే టక్కుమని చప్పుడు వస్తుంది. కోత పక్కన బయటి వైపు అరచేయంత మేర తిమ్మిరిగా ఉంటుంది, నాకు ఇప్పటికీ ఉంది. కమిలిన రంగు చీలమండ దాకా దిగుతుంది. రాత్రి నిద్ర పట్టదు. మూడో వారంలో ఏ కారణం లేకుండా ఏడుపు రావచ్చు. పూర్తిగా కుదుటపడడానికి ఏడాది పడుతుంది. కానీ పిక్క ఒక్కసారిగా వాచి గట్టిపడి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరంతోపాటు కుట్ల దగ్గర చెమ్మ ఊరినా ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేపు చూద్దాం అనుకోవద్దు. ఇక్కడి మెడికల్ షాపులో యాంటీబయోటిక్ కొని వేసుకుని సరిపెట్టుకోవద్దు.

నేల మీద కూర్చోవడం మానేశాను. కత్తిరింపు బల్ల మీద, పూజ స్టూలు మీద. మిషన్‌కు మోటారు ఉంది. పోయిన దసరాకు పర్లాకిమిడి నుంచి పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి నడిచి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కాను.

నేను అడిగేది ఏమిటంటే, ఒకే డాక్టరు చేసిన రెండు మోకాళ్లు నా ఒంటి మీద ఉన్నాయి. ఒకటి 105, ఒకటి 120. ఆ తేడా ఆపరేషన్ గదిలో రాలేదు. మాకు అర్థమయ్యే ఒక కాగితం, కోడలికి అరగంట నేర్పిన పాఠం, ఇంట్లో మరుగుదొడ్డి ఎలా ఉంది అని ముందు అడిగిన ఒక ప్రశ్న, వీటి దగ్గర వచ్చింది. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల నుంచి ఎంతోమందిమి వైద్యానికి శ్రీకాకుళం, విశాఖ వస్తాం. గుణుపురం నుంచి విశాఖ వెళ్లే పాసింజరులో ఏ రోజు ఎక్కినా ఎక్స్‌రే కవర్లు పట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. మమ్మల్ని నాలుగో రోజు పంపేయడం తప్పు కాదు. కానీ పంపేటప్పుడు చేతిలో పెట్టే కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ, బొమ్మలు కనబడేలా ఉండాలి. ఇంట్లో చూసుకునే మనిషి ఎవరో అడిగి, ఆ మనిషి చేత ఒకసారి చేయించి చూడాలి. మేము ఊళ్లో ఏ ఫిజియో దగ్గరికి వెళ్లినా అర్థమయ్యేలా, ఏ వారానికి ఎంత వంగాలి, ఎంత చాపాలి అని ఒక చీటీ రాసి ఇవ్వాలి. ఆపరేషన్ తేదీ ఇచ్చే రోజే ఇల్లు సర్దుకోమని చెప్పాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు. అటు ప్రభుత్వం, ఇటు ప్రభుత్వం కలిసి కూర్చోవాల్సిన పని కూడా కాదు. మా దగ్గర జిల్లా ఆసుపత్రిలో వారంలో ఒక పూట ఇలాంటివాళ్ల కోసమే కేటాయించి కాలు కొలిచి చూస్తే, ఆరో వారం దాకా ఆగకుండా రెండో వారంలోనే తప్పు దొరుకుతుంది.

వదిన సంగతి చెప్పలేదు కదూ. దిండ్లు తీసేయబోతే వాళ్ల అమ్మాయికి కోపం వచ్చింది. "అత్తా, అమ్మకు నొప్పి అవుతుంది, నువ్వు డాక్టరువా?" అంది. ఆ పిల్ల తల్లి మీద ప్రేమతోనే అంది. నేను మాట్లాడకుండా చీర కొంచెం పైకెత్తి నా రెండు మోకాళ్లూ చూపించి, రెండూ చాపి నిలబడ్డాను. ఏది తిన్నగా ఉందో, ఏది వంగి ఉందో ఆ పిల్లే చూసింది. తర్వాత ఆసుపత్రికి ఫోను చేసి అడిగింది. దిండు తీసేయమనే చెప్పారు. అప్పుడు తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టాం. వదిన పళ్లు బిగించి నా చెయ్యి పట్టుకుంది. అయిదు నిమిషాలు ఉంచగలిగింది. వెనక నాలుగు వేళ్లు దూరాయి. నిన్న రాత్రి ఆ అమ్మాయి ఫోను చేసింది. ఇప్పుడు రెండున్నర వేళ్లట.

నా కట్టింగ్ పేపరు చార్టు ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. బొమ్మలు నేను వేసినవే, విశాఖ ఫిజియో అమ్మాయి చూసి రెండుచోట్ల సరిదిద్దింది. పత్రికలో పావు పేజీ చోటు ఇవ్వగలిగితే వేయండి. అక్షరాలు చిన్నవి చేయకండి, మంచం మీద పడుకుని చదవాలి. అంత చోటు కుదరకపోతే కనీసం మడమ కింద తువ్వాలు ఉన్న ఆ ఒక్క బొమ్మ వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక దర్జీ,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.
(పేరు ప్రచురించవద్దని మనవి)